అర్హత లేని ఆకలి

దిక్కులేని వృద్ధులకు మధ్యాహ్నం అన్నం పెడితే సమాజానికి ఒరిగే లాభమెంత, వచ్చే నష్టమెంత అన్నది శాస్త్రీయంగా తేలేదాకా ఒక్క గింజ కూడా పొయ్యి ఎక్కడానికి వీల్లేదని మంత్రిగారు ప్రకటించారు. ఇంత ముందుచూపున్న మంత్రి దొరకడం మన అదృష్టం. తేల్చే భారం సర్వే ఆఫీసరు కొండల్ గారి మీద పడింది.

కొండల్ గారు మెత్తని మనిషి. చీమ అడ్డొచ్చినా జీవో చూసుకుని గానీ పక్కకు తప్పుకోరు. నర్సింహులపేటకు ఈ పథకం రావాలని ఆయన మనసులో నిజంగానే కోరుకున్నారు. కాకపోతే మంత్రిగారి షరతు ఒకటుంది: కళ్లతో చూసింది చెల్లదు, కాగితం ఉండాలి.

ఆ ఊరి వృద్ధుల జాబితాలో మొదటి పేరు బుచ్చవ్వ. ఇంటికి తాళం. రెండో పేరు ఖాజాబీ. అక్కడా తాళమే. చివరికి ఇద్దరూ బస్టాండు ముందు, తెలంగాణ కోసం వేసిన రిలే నిరాహార దీక్ష టెంటులో, మెడలో బంతిపూల దండలతో కనిపించారు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా అవ్వా?"

"లేదు సారు," అన్నది బుచ్చవ్వ.

కొండల్ గారి ముఖం వెలిగింది. అర్హత దొరికింది. అంతలోనే అనుమానమూ వచ్చింది.

"తెలంగాణ కోసం తినలేదా, బియ్యం లేక తినలేదా? ఫారంల ఒక్కదానికే టిక్కు పెట్టాలె."

"తెలంగాణ రావాలె సారు. బియ్యం గూడ రావాలె. ఉన్నది ఒక్కటే కడుపు, ఏం జెయ్యాలె?"

'రెండూ' అనే గడిని ప్రభుత్వం ముద్రించలేదు. కొండల్ గారు పెన్ను మూసేశారు.

టెంటు చూసుకునే షాహిద్ దగ్గరికొచ్చి చిన్నగా చెప్పాడు. "రోజుకో సంఘం వంతు సారు. పొద్దుగాల దండలేసుకుంటరు, ఎండెక్కంగనే పోతరు. టెంటు ఖాళీగుంటె ఇజ్జత్ పోతది. గందుకే వీళ్లను కూసోబెడుతున్నం. సాయంత్రం నిమ్మరసం, అరటిపండు ఇస్తం."

చాలా రోజులు బుచ్చవ్వకు ఆ అరటిపండే రాత్రి భోజనం.

"కాగితం ఏమన్న ఉన్నదా?" అని అడిగారు కొండల్ గారు.

ఖాజాబీ సంబరంగా కొంగుముడి విప్పి పేపరు కటింగులు ఆయన చేతిలో పెట్టింది. "చూడుండ్రి సాబ్, మా ఫొటోలు!"

మొదటి ఫొటో కింద 'దీక్షలో న్యాయవాదులు' అని ఉంది. ముందు వరసలో బుచ్చవ్వ, ఖాజాబీ. రెండోదాని కింద 'ఉద్యమానికి రైస్ మిల్లర్ల మద్దతు'. అక్కడా వాళ్లే.

ఇంతకు మించిన రుజువు ఏ ఆఫీసరుకు దొరుకుతుంది? కొండల్ గారు చక్కని దస్తూరీతో రాశారు: 'వృత్తి: న్యాయవాది, రైస్ మిల్లు యజమాని. ఉచిత భోజనానికి అనర్హులు.' రాస్తుంటే ఆయనకు నిజంగానే బాధేసింది.

"గయితే అన్నం పెట్టరా సారు?"

"మిల్లున్నోళ్లకు పెడితే ఆడిటోళ్లు ఊకోరు అవ్వా."

"నాకు మిల్లున్నదా?"

"పేపర్ల పడ్డది గద."

బుచ్చవ్వ ఫొటో వంక కాసేపు చూసింది. మిల్లు పెట్టుకుని ఇన్నాళ్లూ పస్తులున్నందుకు ఆమెకు నవ్వొచ్చింది.

కొండల్ గారు జీపెక్కబోతుంటే షాహిద్ వెంటబడ్డాడు. "సారు, రేపు మీ ఆఫీసర్ల సంఘం వంతు. మీ పేరే మొదట రాసినం."

కొండల్ గారు వెనక్కొచ్చి బుచ్చవ్వ పక్కన గొంతుక్కూర్చున్నారు.

"అవ్వా, నాకు షుగరుంది. యాళ్లకు తినకుంటె కండ్లు తిరుగుతయ్. రేపు నా బదులు జర కూసుంటవా?"

"అయ్యో, గంత మాటా సారు," అన్నది బుచ్చవ్వ. "నేను కూసుంట. మీరు యాళ్లకు తినుండ్రి."