పాముచెవుల మాస్టారి దవడ

స్టూడియోకి అందరికంటే ముందు వెళ్ళి మైకులు సర్దుకోవాలనుకున్నాడు రికార్డింగు మాస్టారు. ఆయనవి పాముచెవులని పేరు. పాట మధ్యలో ఎవరు గుటక వేసినా పట్టేసేవాడు. ఎంత మెచ్చుకున్నా తక్కువే. అలాంటి మనిషికి ఆ పొద్దున పక్క దిగకముందే గుయ్‌మని మోత వినబడింది. ఫ్రిజ్జేమోనని ప్లగ్గు పీకాడు. ఆగలేదు. గీజరేమోనని అదీ ఆపాడు. స్నానాల గదిలో భార్య కెవ్వుమంది.

స్టూడియోలోనూ అదే మోత. ఏసీ ఆపించాడు, లైట్లు ఆపించాడు. పాపం గాయని చీకట్లో చెమటలు కక్కుతూ పాడింది.

"ఇంకా వస్తోందమ్మా," అన్నాడు మాస్టారు తల పట్టుకుని.

"ఏమిటండీ వచ్చేది?"

"గుయ్‌మని. మీరు నోరు తెరిస్తే మరీను."

ఆవిడ హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి చక్కా వెళ్ళిపోయింది.

"ఇంక ఆవిడ మన గుమ్మం తొక్కదు. మీరు కూడా రావద్దు," అన్నాడు స్టూడియో యజమాని.

ఆ చెవులే మాస్టారి బతుకుతెరువు. "ఇవి పోతే నేనెందుకు పనికొస్తానే?" అని భార్య దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆమె వెంటనే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

చెవులు నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు. "పళ్ళు నూరుతారా?"

మాస్టారు నొచ్చుకున్నాడు. "నాకెవరి మీదా కోపం లేదండీ."

"నిద్రలో నూరుతారు డాక్టరుగారూ," అంది భార్య. "మా అన్నయ్య మీదేమోనని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

డాక్టరు చెవి ముందున్న దవడ కీలు నొక్కిపెట్టి నోరు తెరవమన్నాడు.

"శ్రుతి పెరిగిందండీ," అన్నాడు మాస్టారు, అంత బాధలోనూ.

డాక్టరు ముచ్చటపడిపోయాడు. "ఇంత బాగా చెప్పిన పేషెంటు నాకు తగల్లేదు. కీలు చెవిని ఆనుకునే ఉంటుంది. మీరు దవడ బిగిస్తుంటే చెవిలో మోగుతోంది. పళ్ళ డాక్టరు చేత రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకునే తొడుగు చేయించుకోండి."

తొడుగుతో పడుకోవడం మొదలుపెట్టాక మోత తగ్గుతూ వచ్చింది. భార్య అక్కడితో ఊరుకునే మనిషా? గాయని ఇంటికి వెళ్ళి, "లోపం మీ గొంతులో కాదమ్మా, మా ఆయన దవడలో," అని సంగతంతా చెప్పి, ఆవిణ్ణి కడుపుబ్బ నవ్వించి, స్టూడియోకి వెంటబెట్టుకొచ్చింది. ఆ ఇల్లాలికి చేతులెత్తి మొక్కాలి.

అంతా విన్న యజమాని మాస్టారిని పక్కకు పిలిచాడు. "రేపటినుంచి పనిలోకి రండి. ఇంతకీ ఆ డాక్టరు ఎక్కడుంటాడు? మీరు వెళ్ళినప్పటినుంచి నాకూ గుయ్‌మంటోంది. నిద్రలో పళ్ళు నూరుతున్నానని మా ఆవిడ గోల."

"ఎవరి మీదండీ?"

"ఇంకెవరి మీద? మీ మీదే."

ఇప్పుడు యజమానికీ తొడుగుంది. కోపం తగ్గలేదు గాని, చప్పుడు తగ్గింది.