నమలడం రద్దు

మా చొక్కాల ఫ్యాక్టరీలో సోమవారం నుంచి నమలడం రద్దయింది.

మేనేజరుగారికి ఈ జ్ఞానం డాక్టరు గదిలో గోడకున్న పటం వల్ల కలిగింది. పళ్లు అన్నాన్ని నలుపుతాయి, ఉమ్మి నానబెడుతుంది. కిందికెళ్లాక జీర్ణాశయం ఆమ్లం పోసి మళ్లీ చిలుకుతుంది. చిన్నపేగు పైత్యరసం కలుపుకుని మూడోసారి మొదలుపెడుతుంది. ఒకే పనికి ముగ్గురా అని ఆయన గుండె తరుక్కుపోయింది.

"పై అవయవము చేయు పనిని కింది అవయవములు సమర్థముగా నిర్వహించుచున్నందున, పని వేళల్లో నమలుట నిలిపివేయడమైనది. భోజన విరామము ముప్పై నిమిషముల నుండి ఏడుకు కుదించడమైనది."

ఆ కాగితం మీద వరుసలో నిలబడి అందరం సంతకాలు పెట్టాము. ఏడు నిమిషాల సంగతి గంట మోగాకే తెలిసింది.

కాజాలు కుట్టే అత్తకు మిగిలినవి పదకొండు పళ్లు. ఏడు నిమిషాల్లో ఆమెకు మూడు ముద్దలు దిగేవి, మిగతా అన్నం డబ్బాలోనే ఇంటికి వెళ్లేది. మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి ఆకలికి కాజాలు వంకర పోయేవి. మాకు చూడబుద్ధి కాలేదు. అయినా చూస్తూనే ఉన్నాము.

"ఉమ్మి కలవకపోతే అన్నం అరగదంటారు కదండీ," అంది ఒకరోజు.

"అదంతా లోపలివాళ్లు చూసుకుంటారమ్మా," అన్నారు మేనేజరుగారు, తన గదిలో తీరిగ్గా నములుతూ. అధికారులకు మినహాయింపు ఉంది.

వారం తిరక్కుండానే లోపలివాళ్లు మొరాయించారు. మరుగుదొడ్డి ముందు వరుస కుట్టుమిషన్ల దాకా వచ్చింది. మనిషికి ఇరవై మూడు నిమిషాలు పడుతోందని సూపర్‌వైజరు గడియారం పట్టుకుని తేల్చాడు. ఆదా చేసిందీ అంతే. మేనేజరుగారు రెండు రోజులు మింగలేక కక్కలేక ఉండి, మూడోరోజు సభ పెట్టారు.

"తప్పు దిద్దుకోవడం పెద్దల లక్షణం. నమలడం మీ జన్మహక్కు. ఆ హక్కును నేడు మీకు ప్రసాదిస్తున్నాను."

చప్పట్లు కొట్టాము. కొందరికి కళ్లు చెమర్చాయి.

కొత్త కాగితం సంతకాలకు వచ్చింది. చకచకా పెట్టేస్తుంటే అత్త వంతు వచ్చింది. ఆమె కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు జరుపుతూ చదవసాగింది. రెండో పేరాలో వేలు ఆగిపోయింది.

"ముప్పై నిమిషాలు ఇచ్చారు సరే. పని వేళల్లో మరుగుదొడ్డికి తాళమట. మీరెవరూ చూళ్లేదా?"

వెనక వరుసలో మాకు విసుగొచ్చింది.

"అన్నీ చదువుతూ కూర్చుంటే ఎలా అత్తా? సంతకం పెట్టు, అవతల అన్నానికి టైమైపోతోంది."