పేలని మధ్యాహ్నం

ఆ మంగళవారం పొద్దున రమణమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం దాకా భయపడకుండా ఉండటం. వంటా బట్టలూ ఎలాగూ అవుతాయి. ఈ పనే ఆమెకు చేతకాదు.

బైలదిలా కొండ మీద ఇనుపరాయి గని జోరందుకున్న రోజులవి. ఇళ్లలో ఫోన్లు లేవు. ఆమె మొగుడు పైడిరాజు ఇన్నాళ్లూ మందు పెట్టి రాయి పేల్చే పెద్ద బ్లాస్టర్ వెనకాల తీగలు మోసేవాడు. ఆ రోజు మొదటిసారి పేలుడు అతని చేతుల మీదుగా జరగాలి. ఆఫీసరు సత్యమూర్తి పక్కనే నిలబడి చూస్తాడు. బాగా చేస్తే బ్లాస్టర్ ఉద్యోగం, తేడా వస్తే మళ్లీ తీగల మోత.

"నువ్వేటీ బెంగెట్టుకోకు," అన్నాడు పైడిరాజు బూట్లు తొడుక్కుంటూ. "రెండింటికి సైరను కూస్తాది, ఎనకాలే దబ్బుమని పేలుద్ది. ఆ చప్పుడు ఇనబడిందంటే నీ మొగుడు బాగున్నట్టే."

పాపం, ధైర్యం చెబుదామనే అన్నాడు. వినబడకపోతే ఏమనుకోవాలో మాత్రం చెప్పకుండా బస్సెక్కేశాడు.

కొండ కింది టౌన్‌షిప్‌లో ఆ చప్పుడు రోజూ ఉండేదే. కిటికీలు గలగలమంటాయి, పసిపిల్లలు ఇటు నుంచి అటు ఒత్తిగిల్లుతారు, అంతే. ఆ రోజు కూడా రెండింటికి సైరన్ కూసింది. రమణమ్మ పొయ్యి దగ్గర చెవులు రిక్కించి కూర్చుంది. పేలుడు రాలేదు. పప్పు మాడిపోయింది, అయినా రాలేదు. ఆమె లేచింది. పరుగెత్తి పక్క క్వార్టరు తలుపు దబదబా బాదింది.

"సూర్యకాంతమక్కా! నీకేటైనా ఇనబడిందేటి?"

"ఏం వినబడాలే?" అంది సూర్యకాంతం నిద్రకళ్లతో.

"కొండ మీద పేలుడు!"

సూర్యకాంతం ఆలోచించింది. ఆ ఇంట్లోకి వచ్చాక ఆ చప్పుడు ఎప్పుడైనా విన్నదో లేదో ఆవిడకే తెలియదు. వినబడలేదన్న సంగతి మాత్రం ఇప్పుడు ఖాయంగా తెలిసింది.

"అయ్యో, లేదే! మా ఆయన కూడా పైనే ఉన్నారే!"

ఇక చూడండి! కొళాయి దగ్గరికి చేరేసరికి ఇద్దరు కాస్తా ఇరవైమంది అయ్యారు. భయం పట్టినవాళ్లకు అన్నీ కనబడతాయి కదా. అంబులెన్సు కొండ దారిన పోతోంది. అది రోజూ ఆ వేళకే డ్యూటీకి పైకి వెళ్తుంది, కానీ ఆ రోజే అందరి కంటా పడింది. ఆసుపత్రిలో డాక్టరు లేడు. ఆ వేళకు ఆయన ఇంట్లో కునుకు తీయని రోజు లేదు. "పైకి తీసుకుపోయుంటారు," అంది సూర్యకాంతం. ఎవరో గొల్లుమన్నారు. అందరూ కొండ దారి పట్టారు. జామకాయల గంపతో ఎదురొచ్చిన మంగి, ఇంతమంది ఎటు పోతే బేరం అటే అనుకుని, వెనక్కి తిరిగి వాళ్ల వెంట నడిచింది.

కొండ దారికి అడ్డంగా గేటు, అక్కడ కాపలాకి బుధ్రా. పైకి మాట్లాడే ఫోను అతని దగ్గరే ఉంది. అతను లేచేలోగానే జనం గేటు కింద నుంచి దూరి లోపలికి వచ్చేశారు. బుధ్రా ఫోను అందుకున్నాడు.

"సాబ్! గేటు లోపల సడక్ నిండ మనుషులే!"

పైన ఫోను ఎత్తింది సత్యమూర్తి. దారిలో మనిషి ఉండగా పేల్చకూడదు. "పైడిరాజూ! చెయ్యి తియ్యవయ్యా, ఆపు!" అని అరిచాడు.

బుధ్రా ఫోను పెట్టి, ఉన్నమాటే చెప్పాడు. "బ్లాస్టింగు ఆపేసిండ్రు."

"చూశారా? నే చెప్పలా!" అంది సూర్యకాంతం.

"అరే, మీరు ఈడ ఉన్నరనే ఆపిండ్రు! మీరు ఇండ్లకు పోతే అప్పుడు పేలుస్తరు!"

"మమ్మల్ని పంపించీడానికి సూస్తన్నాడు. ఏదో దాస్తన్నారు!" అంది రమణమ్మ. అందరికీ అది నిజమే అనిపించింది. వాళ్లు కదల్లేదు గనక పేలలేదు, పేలలేదు గనక వాళ్లు కదల్లేదు. ఇంకా చప్పుడు రాకపోయేసరికి కాలనీలో మిగిలినవాళ్లూ వచ్చి కలిశారు.

"ఏడ్చి ఏడ్చి నోళ్లు ఎండినై, జామకాయలు తినుండ్రి," అంది మంగి. గంప సగం ఖాళీ అయింది.

చివరికి సత్యమూర్తి పైడిరాజును జీపులో ఎక్కించుకుని గేటు దగ్గరికి దిగాడు. "ఇదిగోనమ్మా నీ మొగుడు. కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి, చూసుకో!"

రమణమ్మ మొగుడి ముఖం రెండు చేతులతో తడిమి బావురుమంది. పైడిరాజుకు సిగ్గూ కోపమూ జాలీ అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. "నా కొంప ముంచేసినావు కదే," అంటూనే ఆమె కళ్లు తుడిచాడు.

ఇక గొడవ వదిలిందనుకున్నాడు సత్యమూర్తి.

"పైడిరాజు బాగానే ఉన్నాడు," అంది సూర్యకాంతం నెమ్మదిగా. "మరి పోయిందెవరు?"

మళ్లీ గొల్లుమన్నారు. మా ఆయన్ని చూపించమని ఒకరు, మా అబ్బాయిని చూపించమని ఒకరు జీపును చుట్టేశారు. సత్యమూర్తి నెత్తి పట్టుకున్నాడు. పేలుడు మందు దగ్గర కాపలాకి ఇద్దరు బ్రహ్మచారుల్ని మాత్రం ఉంచి, షిఫ్టు మొత్తాన్నీ లారీలో దింపించి, పేరుపేరునా పిలిచి పెళ్లాలకు చూపించాడు. ఎవరి మనిషిని వాళ్లు లెక్క చూసుకున్నాక జనం గేటు బయటికి నడిచారు, షిఫ్టువాళ్లు లారీ ఎక్కి మళ్లీ పైకి పోయారు.

సాయంత్రమవుతుండగా కొండ మీద దబ్బుమని పేలింది. మధ్యాహ్నం నుంచి ఆ చప్పుడు కోసమే ఏడ్చినవాళ్లంతా అది వినగానే "చచ్చాం బాబోయ్" అని టౌన్‌షిప్ వైపు పరుగు లంకించుకున్నారు.

పైన సత్యమూర్తి పైడిరాజు వైపు తిరిగాడు. "సైరన్ కూశాక ఎందుకాగావయ్యా? అప్పుడే పేల్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు."

పైడిరాజు తలొంచుకున్నాడు. "భయమేసిందండి. తీగలు ఒకపాలి సూసినాను. మళ్లా అనుమానమొచ్చి ఇంకోపాలి సూసినాను. ఆ తర్వాత సెయ్యి ఆడలేదండి." మళ్లీ తీగల మోతే అని అతనికి అర్థమైపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా మొదటి రోజున నాకైతే కాలే ఆడలేదు," అన్నాడు సత్యమూర్తి. "రేపట్నుంచి నువ్వే బ్లాస్టర్‌వి. కాకపోతే కాపలా ఇంకాస్త గట్టిగా పెట్టాలి."

మర్నాడు పేల్చే వేళకు ఎర్రజెండాలు పట్టుకుని నలుగురు కొండకు నాలుగు దిక్కులా నిలబడ్డారు, ఐదోవాడు రమణమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.