డ్రైవరు సీట్లో రాజు

ఆ ఉదయం ప్రాంప్టరు పెట్టుకున్న పని చిన్నదే. స్టూడియోకి వెళ్ళడం, కొత్తగా వచ్చిన సినిమా సంభాషణల ప్రతి అందుకోవడం, మొదటి భాగానికైనా మాటలు కట్టేసి వెలుగుండగానే ఇల్లు చేరడం. పరాయి భాషల సినిమాలకి మన భాషలో మాటలు రాయడం అతని ఉద్యోగం. అంతకుముందు ఒక నాటక సంస్థలో తెర పక్కన నిలబడి, మాట మరిచిపోయిన నటులకి అందిస్తూ ఉండేవాడు. ఆ సంస్థ మూతబడి చాలా ఏళ్ళయింది గాని పిలుపు మాత్రం వదల్లేదు. అసలు పేరు ఒకటుంది. భార్య "ఏమండీ" అనే పిలుస్తుంది కనుక, ఎవరూ వాడక అది కొత్తగానే ఉండిపోయింది.

"ఈ సినిమాకైనా మీ పేరు వేస్తారా?" అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"అడుగుతాను."

"అడుగుతాను అని గోడకి చెప్పినట్టు చెప్పకండి. మా అక్క నిన్న మళ్ళీ అడిగింది, మీ ఆయన చేసేదేమిటే అని. మాటలు రాస్తారే అన్నాను. ఎవరికి అంది. తెర మీద చూపిస్తే నమ్ముతుందట. బట్టలు కుట్టినవాడి పేరు కూడా వేస్తారండీ తెర మీద!"

ఆ మాట బస్సు దాకా అతన్ని వెంబడించింది. పేరు కావాలన్న కోరిక తనకి లేదనే అతను అనుకుంటూ వచ్చాడు. కోరిక లేదని తనకి తాను నచ్చచెప్పుకునే మనిషి ఆ నచ్చచెప్పడంలోనే రోజులో సగం గడుపుతాడు. అతనికున్న జబ్బల్లా ఇంకొకటి. ఎదుటి మనిషి మాట మధ్యలో ఆగితే, ఆ ఖాళీ తన తప్పే అన్నట్టు చెమట పట్టేది. తర్వాతి మాట మెల్లగా అందించేవాడు. ఒకసారి డాక్టరు నాడి పట్టుకుని ఆలోచిస్తూ ఆగితే, జబ్బు పేరు కూడా అందించాడు. డాక్టరు దానికే మందు రాశాడు.

స్టూడియో యజమాని గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రావయ్యా ప్రాంప్టరూ. సినిమా వచ్చింది, మాటల ప్రతి రాలేదు."

"ఎప్పుడొస్తుందండీ?"

"వాళ్ళ వాలకం చూస్తే సినిమా విడుదలయ్యాక వస్తుంది. ప్రివ్యూ వచ్చే వారం."

"ఏ భాషండీ?"

"నాకేం తెలుసు? మాట్లాడుతుంటే పళ్ళు తోముకుంటున్నట్టుంది. అది కాదు గాని, మంత్రిని చెరలో పెట్టే ఆ పాత నాటకం నీకు మొత్తం నోటికొచ్చు కదా? సినిమాకి అదే ఆధారమట."

ఆ నాటకం బడిలో చదవనివాళ్ళు లేరు. నిజం చెప్పినందుకు రాజు తన మంత్రిని చెరలో వేయిస్తాడు. రాజ్యం చిక్కుల్లో పడ్డాక, కాపలావాడి వేషంలో ఆ చెర దగ్గరికి వెళ్ళి మంత్రినే సలహా అడుగుతుంటాడు. మంత్రి గొంతు గుర్తుపడతాడు. గుర్తుపట్టానని చచ్చేదాకా చెప్పడు.

"ఎంతవరకు ఆధారమండీ?"

"స్వేచ్ఛగా తీసుకున్నారట."

"స్వేచ్ఛగా అంటే?"

"అడక్కుండా తీసుకున్నారని! నీకెందుకయ్యా? అక్కడా రాజుంటాడు, ఇక్కడా ఉంటాడు. ఇక్కడ ఆకాశంలో ఉంటాడు, అంతే తేడా. నాటకంలో మాటలే పెదాలకి అతికించు."

ప్రాంప్టరు ఏదో గొణిగాడు. యజమాని రెండుసార్లు అడిగితే గాని అది పేరు సంగతని అర్థం కాలేదు.

"వారంలో ముగించు, నీ పేరు నా తలకాయంత అక్షరాలతో వేయిస్తా!"

చీకటి గదిలో పని మొదలైంది. మీటల ముందు కూర్చున్నది సౌండు ఇంజనీరమ్మాయి. తెర మీద ఒక అంతరిక్ష నౌక. అందులో అందరికీ బూడిదరంగు బట్టలే, రాజెవరో బంటెవరో తెలియదు. అయితే ఒక బట్టతల ఆయన మాత్రం చుట్టూ దీపాలున్న పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంకొకాయన అద్దాల గదిలో ఒంటరిగా ఉన్నాడు. బట్టతల ఆయన అటూ ఇటూ చూసుకుని ఆ అద్దం దగ్గరికి వెళ్ళి ఏదో అడుగుతున్నాడు.

"రాజు, మంత్రి," అన్నాడు ప్రాంప్టరు. గుండె తేలికపడింది.

తేలిక ఎంతోసేపు నిలవలేదు.

"బాబాయ్, రాజుగారు గొట్టంలోంచి ఏదో పిండుకుని తింటున్నాడు."

"రాజ్యభారం గురించిన స్వగతం వెయ్యమ్మా. దవడకి సరిపోతుంది."

"ఈమెవరు? చేతులు తడుపుకుని వచ్చి అరుస్తోంది?"

"రాణి. విలాపం వెయ్యి."

"ఏడవట్లేదు బాబాయ్, తిడుతోంది."

"రాణి కదా, దుఃఖం అలాగే ఉంటుంది."

నౌకలో నోరు లేని యంత్రం ఒకటుంది. నోరు లేని పాత్ర మాటల రచయితకి దొరికిన వరం. వేగులవాడు, సేనాపతి, ద్వారపాలకుడు, సినిమాలో చోటు దొరకని నాటకంలోని జనమంతా ఆ యంత్రంలోకి దూరారు. అసలు ఇబ్బంది నిశ్శబ్దం. ఆ సినిమాలో మనుషులు కిటికీ దగ్గర నిలబడి చుక్కల్ని చూస్తూ అలా ఉండిపోతారు. ప్రాంప్టరుకి ఊపిరాడేది కాదు. వాళ్ళు మాట మరిచిపోయారనీ, తన వైపే చూస్తున్నారనీ అనిపించేది. ఎవడు వీపు తిప్పితే వాడికి ఒక ఉపన్యాసం పెట్టేశాడు.

"బాబాయ్, కొంప మునిగింది. చివర్లో మంత్రి అద్దం దాటి బయటికొచ్చేశాడు. నాటకంలో చెరలోనే చచ్చిపోవాలిగా?"

"చచ్చిపోయాక వచ్చాడనుకుందాం."

"నవ్వుతున్నాడు!"

"చచ్చిపోయాడు కదమ్మా, ఇక బాధేముంది?"

ప్రివ్యూ రోజు మధ్యాహ్నం ఇంజనీరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. సినిమావాళ్ళ మనిషి ఫోన్ చేశాడట.

"బాబాయ్, ఆ బట్టతల ఆయన రాజు కాదు. డ్రైవరు!"

"ఏ డ్రైవరు?"

"నౌక నడిపే డ్రైవరు. అది సింహాసనం కాదు, డ్రైవరు సీటు. అసలు అధికారి అద్దాల గదిలో ఉన్నాయన. ఒళ్ళంతా గజ్జి లేస్తే, అందరికీ అంటుకుంటుందని విడిగా పెట్టారట."

"రాణి?"

"గొట్టాలు బాగుచేసే ఆవిడ. నీళ్ళు కారుతున్నాయని తిడుతోంది."

"మరి... ఆ అద్దం దగ్గరికి వెళ్ళి అడిగేది?"

"దారి తప్పాడట. తప్పానని చెప్పుకోలేక, దొంగచాటుగా వెళ్ళి దారి అడుగుతున్నాడు."

ప్రాంప్టరు కూర్చుండిపోయాడు. రాజు మాటలు డ్రైవరుకి, మంత్రి మాటలు గజ్జి మనిషికి. దీని కింద తన పేరు, యజమాని తలకాయంత అక్షరాలతో.

"నా పేరు తీసేయించండి," అన్నాడు యజమాని దగ్గరికి వెళ్ళి.

"ఇప్పుడు నీ పేరు కాదయ్యా సమస్య. ఆచార్యులవారు వస్తున్నారు."

ఆచార్యులవారంటే ఆ నాటకానికి దిండంత వ్యాఖ్యానం రాసిన మనిషి. నాటకాన్ని, సినిమాని పక్కపక్కన పెట్టి పోలుస్తానని తనే కబురు పెట్టాడట.

"ఆయన పోల్చడం అంటే ఉతికి ఆరెయ్యడమే. నాటకాన్ని ఖూనీ చేశారని ఎవరో చెప్పారట. పేర్లు పడుతుంటే జనం లేచిపోతారు కాబట్టి, పేర్లకి ముందే సినిమా ఆపించి మాట్లాడిద్దాం. ఉతికితే ఉతికాడు, పేపర్లో పడుతుంది."

హాలు నిండింది. మూడో వరసలో భార్య, ఆమె పక్కన అక్కగారు. ఎందుకొచ్చిందో మరిచిపోయే మనిషి కాదు అక్కగారు.

"పేరు మొదట్లో పడుతుందా, చివర్లోనా మరిదిగారూ?"

"చివర్లోనండీ," అన్నాడు. పడకపోతే బాగుండునని మనసులో అనుకున్నాడు.

సినిమా నడిచింది. డ్రైవరు గొట్టం పిండుకుంటూ, "ఎంత తిన్నా నిండని కడుపు రాజ్యం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నీళ్ళు కారుతున్న గొట్టాల కింద నిలబడి ఆవిడ రాణి విలాపం తిట్టినట్టు చెబుతుంటే, ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. ప్రాంప్టరు మెడ చాచి చూశాడు. ఆచార్యులవారు.

దీపాలు వెలిగాయి. ఆచార్యులవారు ముందే రాసి తెచ్చుకున్న కాగితాలు చేతిలో పట్టుకుని వేదిక ఎక్కి, వాటిని ఒకసారి చూసి జేబులో కుక్కేశారు.

"రాజుని తెచ్చి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు," అన్నారు. ఉతుకుడు మొదలైందని యజమాని పేపరువాళ్ళ వైపు చూశాడు. "సింహాసనం అంటే అదే కదా! అద్దం దగ్గరికి ఆ దొంగచాటు నడక చూశారా? దారి తప్పానని చెప్పుకోలేనివాడే రాజని ఇన్నేళ్ళు వ్యాఖ్యానం రాసిన నాకు తట్టలేదు. నాటకంలో రాణి ఏడుస్తుంది. ఇక్కడ ఇల్లే కారిపోతుంటే ఆమె తిడుతుంది. నాటకంలో మంత్రి చచ్చి విడుదలవుతాడు, ఇక్కడ నవ్వుతూ అవుతాడు. ఏది గొప్పదంటే నేను చెప్పలేను."

ప్రాంప్టరుకి మధ్యాహ్నం తీసేయమన్న పేరు ఇప్పుడు కావాలనిపించింది, ఆకలేసినంత సూటిగా. అది కోరికేనని మొదటిసారి ఒప్పుకున్నాడు.

"ఇక ఇందులో మాటలు..." అన్నారు ఆచార్యులవారు. "ఈ మాటలు..."

ఆగిపోయారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. మాట దొరకలేదు.

"మీ గురించేనండీ," అని భార్య మోచేత్తో పొడిచింది.

ఖాళీ పెరిగిపోతోంది. ప్రాంప్టరు అరచేతులు తడిశాయి. 'ఒక కొత్త రచయిత రాసినవి' అనే మాట అతని నాలిక చివర సిద్ధంగా ఉంది. కాని తెర పక్కన నిలబడి బతికినవాడు తనకి కావలసిన మాట ఎప్పుడూ అందించలేదు; అవతలివాడి పాత్రకి ఏది తగునో అదే అందించాడు. కోరిక ఒప్పుకున్నంత తేలిక్కాదు అలవాటు మార్చుకోవడం.

"కవిగారివే," అని వినిపించింది మూడో వరసలోంచి, చిన్నగా, స్పష్టంగా.

"కవిగారివే!" అన్నారు ఆచార్యులవారు, మెట్టు దొరికినట్టు. "అన్నీ ఆ మహాకవి మాటలే. మధ్యలో ఎవడూ చెయ్యి పెట్టలేదు. కాబట్టి ఈ తెర మీద..."

మళ్ళీ ఆగారు. ప్రాంప్టరు పెదవి కొరుక్కున్నాడు. లాభం లేకపోయింది.

"...ఆయన పేరొక్కటే పడాలి."

"ఆయన పేరొక్కటే పడాలి!" అన్నారు ఆచార్యులవారు.

చప్పట్లు మోగాయి. యజమాని ఒక్క గెంతులో వేదికెక్కి, "అలాగే వేయిస్తాం! చచ్చినాయన పేరే వేయిస్తాం!" అని, మిగిలిన పేర్ల ముక్క వెయ్యొద్దని వెనక్కి సైగ చేశాడు. తెర తెల్లగా ఉండిపోయింది.

బయట మెట్ల మీద భార్య అతనికి రెండు మెట్లు ముందుగా దిగుతోంది. అక్కగారు మాత్రం అతన్ని కొత్త మనిషిని చూసినట్టు ఎగాదిగా చూస్తోంది.

"మరిదిగారూ, నా చెవులతో నేను విన్నాను. మీరు అన్నాకే ఆయన అన్నాడు. ఆచార్యులవారికి ఉపన్యాసాలు రాసిచ్చేది మీరా?"

"అబ్బే, అది..."

"ఎన్నిసార్లు చెప్పానే అక్కా, మాటలు రాస్తారని?" అంది భార్య, కొంగు సర్దుకుంటూ.

ఆ సంగతి అక్కగారి నోట పడ్డాక ఊరంతా పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. వారం తిరక్కుండా ఇద్దరు ఆచార్యులు ఉపన్యాసాలు రాయించుకోవడానికి ప్రాంప్టరు ఇంటికి వచ్చారు; అతని పేరు మాత్రం ఎక్కడా బయటికి పొక్కకూడదన్నారు.