జామీను పెద్దన్న ఏట్లో పడ్డ రోజు

కోర్టు వాయిదా ఉన్న రోజున పెద్దన్న కోడి కూయక ముందే లేచి, ఎద్దులకు నీళ్లు పెట్టి, నాలుగు రొట్టెలు కాల్చి గుడ్డలో మూట కట్టుకునేవాడు. రెండు తనకు, రెండు ముద్దాయికి. ఖాళీ కడుపుతో బోనెక్కిన మనిషి చెయ్యని తప్పు కూడా ఒప్పుకుంటాడని అతని అనుభవం.

అతని ఐదేళ్ల గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, ముగిసి మూడేళ్లయింది. ఫిజీ దీవిలోని నవాకాలో కౌలుకు కాస్త చెరకు నేల, ఒక బండి, ఒక జత ఎద్దులు సంపాదించుకున్నాడు. తోట కూలీలుండే వరస గదుల్లో, ఆ కూలి లైన్లలో, ఎవరి మీద కేసు పడినా, తీర్పు దాకా బయట ఉండాలంటే ఆస్తి ఉన్నవాడు ఎవడో ఒకడు జామీను పడాలి. లైన్లో బతికేవాళ్లకు ఆస్తి అంటే సత్తు పళ్లెమే. అందుకని అందరికీ పెద్దన్నే దిక్కు. ముద్దాయి పారిపోతే వెతికి పట్టుకొచ్చే పూచీ కూడా అతనిదే. అట్లా ఇప్పటికి ఏడుగురిని పట్టుకొచ్చాడు. ఒకణ్ణి చెరకు తోటలోంచి తెచ్చాడు. ఇంకొకణ్ణి వాడి పెళ్లి పందిట్లోంచే తెచ్చాడు, తాళి కట్టేదాకా ఆగి. తరమడం, కేకలెయ్యడం అతనికి చేతకాదు. దొరికినవాడి పక్కన కూర్చుని రొట్టె పెట్టేవాడు. తిన్నాక వాడే సిగ్గుపడి లేచి వచ్చేవాడు.

ఈసారి ముద్దాయి గవరమ్మ. విశాఖపట్నం వైపు మనిషి, గిర్మిట్ ఇంకా రెండేళ్లుంది. పొలంలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు ఆమె అన్నం గిన్నెను కాలితో తన్నాడు. గిన్నెలో మిగిలిన పప్పును ఆమె తెచ్చి అతని తలపాగా మీద బోర్లించింది. పప్పు అప్పటికే చల్లారిందని ఆమె వాదన. తలపాగా కొత్తదని సర్దారు వాదన. ఓడిపోతే మూడు నెలల జైలు, ఆ మూడు నెలలూ మళ్లీ గిర్మిట్‌కు కలుపుతారు. పెద్దన్న తన ఎద్దుల జతను పూచీగా రాయించి ఆమెను విడిపించాడు. వారానికోసారి ఠాణాలో కనబడాలి కాబట్టి నెల రోజులుగా తనే బండిలో తీసుకెళ్లి తెస్తున్నాడు. దారి పొడుగునా ఆమె మాట్లాడేది. అతను ఎద్దుల వీపులు చూస్తూ ఉండేవాడు. చెప్పాలనుకున్న మాట ఒకటి గొంతు దాకా వచ్చి, ఠాణా కనబడగానే వెనక్కి పోయేది. పైగా లైన్లో పిల్లా పెద్దా అంతా అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు గానీ, ఆమె మాత్రం "ఓ జామీనయ్యా" అనేది. తన పేరు పలకడం కూడా ఆమెకు ఇష్టం లేదేమో అని అతని దిగులు.

ఆ పొద్దున లైను ముందు బండి ఆపేసరికి గవరమ్మ గదికి గొళ్లెం పెట్టి ఉంది. పక్క గది విద్యావతి ముంగిట్లో గిన్నెలు తోముతోంది. ఉత్తరాది నుంచి మొన్నటి ఓడలో దిగిన మనిషి. తెలుగు ముక్క రాదు.

"గవరమ్మ కహాఁ?" అన్నాడు పెద్దన్న, తనకొచ్చిన హిందుస్తానీలో.

"నద్దీ గయీ."

"నద్దీ?"

"హాఁ. నహాయీ, లాల్ సాడీ పహినీ, గయీ. బోలీ, బండీవాలా కో బోల్‌నా, అబ్ మేరే లియే తక్‌లీఫ్ నహీఁ."

నదికి పోయింది. తానం చేసి, ఎర్రచీర కట్టుకుని మరీ పోయింది. ఇక తన కోసం శ్రమ పడొద్దని కబురు పెట్టింది. పెద్దన్నకు ఒకటే అర్థమైంది. జైలుకు భయపడి పిచ్చిది ఎంత పని చేసింది!

గవరమ్మ చెప్పింది నద్దీ కాదు, నంది. కోర్టున్న ఊరి పేరే నంది. నడిచి పోతున్నాను, బండి అక్కర్లేదని చెప్పమంది. విద్యావతి ఆ ఊరి పేరు ఎన్నడూ విని ఉండలేదు. చెవిన పడ్డ మాటను తనకు తెలిసిన మాటగా సర్దుకుంది.

పెద్దన్న బండిని ఏటి రేవుకు తోలాడు. ఒడ్డు మీద ఎవరూ లేరు. నడి ఏట్లో, కొమ్మకు చిక్కుకుని ఎర్రగుడ్డ ఒకటి ఆడుతోంది.

"గవరమ్మా!" అని ఒక్క కేక పెట్టి దూకేశాడు.

అతనిది కడప జిల్లా. వాళ్ల ఊరి ఏరు సంవత్సరంలో నాలుగు రోజులు కనబడేది, ఆ నాలుగు రోజులూ జనం ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకునేవాళ్లు. ఈత ఎక్కడ నేర్చుకుంటాడు? నీళ్లు నడుం లోతే గానీ, ఆ సంగతి తెలియాలంటే కాళ్లు కిందికి ఉండాలి. ఏటి వంపులో వలలు పట్టుకుని చేపలు పడుతున్న ఫిజీ ఆడవాళ్లు ఇద్దరు పరుగున వచ్చి, అతన్ని చెరో రెక్కా పట్టి అవతలి ఒడ్డుకు లాగారు. అతని గుప్పిట్లో ఎర్రగుడ్డ ఉంది. ఇద్దరిలో ఒకామె అది తనదని సైగ చేసింది. పెద్దన్న దాన్ని గుండెకు హత్తుకుని భోరుమన్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

బతుకు మీద విరక్తి పుట్టిన మనిషని వాళ్లకు అర్థమైంది. అటువంటివాణ్ణి ఏటి పక్కన వదిలి పోవడం ఏ ఊళ్లోనైనా పాపమే. ఊళ్లోకి తీసుకుపోయి, పెద్దాయన ఇంట్లో చాప మీద కూర్చోబెట్టారు. పెద్దాయనకు కాస్త హిందుస్తానీ వచ్చు.

"బైఠో, బైఠో. పానీమే నహీఁ జాఓ," అని, నీళ్లలోకి పోవద్దని బుజ్జగించి, ఒళ్లు మొద్దుబార్చే యంగోనా వేరు రసం కలిపించి, కొబ్బరి చిప్ప నిండా పోసి చేతికిచ్చాడు.

కాదంటే అవమానం. తాగాడు. చుట్టూ ఉన్నవాళ్లు గౌరవంగా చప్పట్లు కొట్టారు. లేవబోయాడు. ఏటి వైపే పోతాడని నలుగురు కలిసి కూర్చోబెట్టి ఇంకో చిప్ప ఇచ్చారు. లేచినప్పుడల్లా చిప్ప, చిప్పకొకసారి చప్పట్లు.

ఇవతల రేవులో ఎద్దులు కాసేపు చూశాయి. నెల రోజులుగా తిరిగిన దారే కదా అని బండిని లాక్కుంటూ నందికి బయల్దేరాయి.

నంది కోర్టులో గవరమ్మ పదింటికే హాజరైంది. సర్దారు సాక్షి రాలేదని మెజిస్ట్రేట్ దొర కేసును వచ్చే నెలకు వాయిదా వేశాడు. అప్పటిదాకా బయట ఉండాలంటే మళ్లీ జామీను రాయాలి. బంట్రోతు పెద్దన్న పేరు మూడుసార్లు పిలిచాడు. మూడో పిలుపుకు మనిషి లేని బండి వచ్చి, ఠాణా పక్కనే ఉన్న కోర్టు గేటు దగ్గర, తను ఎప్పుడూ ఆగే చోట ఆగింది. ఎద్దులు గడ్డి మేయసాగాయి.

"జామీనుదారు పరారీ," అన్నాడు కాన్‌స్టేబులు.

గవరమ్మ బండిలో ఉన్న మూటను చూసి, "ఆ మడిసి పారిపోడు బాబూ," అంది. "రొట్టెలొగ్గీసి అసలే పోడు. ఏదో అయిపోయింది."

దొర గడియారం చూశాడు. నాలుగింటికి కోర్టు మూస్తారు, ఈలోగా మనిషిని చూపించకపోతే నువ్వు లోపల పడుకుంటావన్నాడు. కాన్‌స్టేబులును తోడిచ్చి ముద్దాయినే పంపాడు, జామీనుదారును పట్టుకురమ్మని.

అదే బండిలో లైనుకు వచ్చి విద్యావతిని అడిగితే మళ్లీ అదే జవాబు, "నద్దీ గయా." గవరమ్మ నెత్తి కొట్టుకుని ఏటికి పరుగెత్తింది. చేపల ఆడవాళ్లు ఆమె ఎర్రచీర చూసి నోళ్లు నొక్కుకుని, దారి చూపించారు.

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి పెద్దన్న ఆరో చిప్పలో ఉన్నాడు. పెదవులు మొద్దుబారాయి, నడుము కింద ఏమైనా ఉందో లేదో తెలియడం లేదు. వాకిలికి వీపు పెట్టి, పెద్దాయనకు తెలుగులో గోడు చెప్పుకుంటున్నాడు.

"ఎద్దులు పోతే పోనీ పెద్దాయనా. ఏడు మందిని పట్టకొచ్చినా. ఆయమ్మికి ఒక్క మాట చెప్పలేకపోతి. చెప్పింటే ఏటికి పోయిండేదా?"

పెద్దాయన అంతా అర్థమైనట్టు తలూపాడు.

"ఏటా మాట?" అని వెనక నుంచి వినబడింది.

"నన్ను మనువాడతావా అని," అన్నాడు పెద్దన్న. అప్పుడు తిరిగి చూశాడు. చూసి, చిప్ప వదిలేశాడు.

"నువ్వు... సావలేదా?"

"నానెందుకు సస్తాను? కోర్టుకెల్లాను. జైలేసేస్తే నీ ముందర ఏడవాల్సొస్తాదని ఒక్కర్తినీ ముందే ఎల్లిపోనాను. నువ్వే సచ్చీలాగున్నావు." అంటూనే ఆమె కూలబడి కొంగుతో అతని తల తుడవసాగింది.

"నన్ను యేనాడన్నా పేరు పెట్టి పిల్చినావా?" అన్నాడు పెద్దన్న, చిన్నపిల్లాడిలాగా.

"పిలిస్తే అన్నవైపోవా?" అంది గవరమ్మ, తుడవడం ఆపకుండా. "నాకు నువ్వు అన్నవి అవడం ఇష్టం నేదు."

పెద్దన్న మొద్దుబారిన మొహం నవ్వడానికి చాలాసేపు తంటాలు పడింది. ఎవరూ అనువాదం చెయ్యకపోయినా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. చేపల ఆవిడ అదను చూసి అతని గుప్పిట్లోంచి తన గుడ్డ తీసేసుకుంది. కాన్‌స్టేబులు మాత్రం ఎండ వైపు చూసి, "మూడు దాటింది," అన్నాడు.

కాళ్లు పెద్దన్న మాట వినలేదు. నలుగురు కుర్రకారు అతన్ని ఏరు దాటించి బండిలో పడుకోబెట్టారు. గవరమ్మ పగ్గాలు పట్టింది. దారిలో మూట విప్పి, తుంచి తుంచి రొట్టె అతని నోట్లో పెట్టింది. ఈసారి దారి పొడుగునా మాట్లాడింది పెద్దన్న. నాలుక తిరగక ఒక్క ముక్కా తెలియలేదు గానీ ఆమె అన్నిటికీ ఊఁ కొట్టింది.

ఆ కేసు తర్వాత నిలవలేదు. లైన్లన్నీ 'పప్పు సర్దారు' అని పిలవడం మొదలెట్టాక, మళ్లీ కోర్టులో ఆ కథ చెప్పుకోవడం ఇష్టంలేక సర్దారు వాయిదాకే రాలేదు. గవరమ్మ గిర్మిట్ తీరిన నెలలోనే వాళ్ల పెళ్లయింది.

అయితే ఆ రోజు కోర్టు మూయడానికి ఐదు నిమిషాల ముందు, తడిబట్టలతో గోడకు జారబడి ఉన్న పెద్దన్నను చూసి దొర ఏదో అన్నాడు. దుబాసీ గొంతు సవరించుకుని, "నిలబడలేనివాడు జామీను ఎట్లా నిలబడతాడని దొరగారు అడుగుతున్నారు," అన్నాడు.

"కాయితం రాయించండి బాబూ," అంది గవరమ్మ. అతని చెయ్యి తన భుజాల చుట్టూ వేసుకుని, నడుం పట్టి లేపి, బొటనవేలు సిరాలో అద్దించింది.

వేలిముద్ర పెద్దన్నది. నిలబడింది గవరమ్మ.