అధ్యక్షులవారి చప్పిడి పథ్యం

ఒక పెద్ద అడవిలో ఆరోగ్య సంఘం అధ్యక్షుడికి కాళ్లు వాచాయి.

అధ్యక్షుడి పేరు గుబురయ్య. ఎలుగుబంటి. ఒళ్లంతా జుట్టే కాబట్టి ఆ వాపు బయటికి కనపడలేదు. కానీ నాలుగడుగులు వేస్తే ఆయాసం, లేచి నిలబడితే తల తిరుగుడు. చివరికి ప్రసంగాలు కూడా కుదించుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి భార్య తేనెమ్మ హడలిపోయి కొంగ వైద్యుడు తెల్లయ్యకు కబురు పెట్టింది.

తెల్లయ్య ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని నాడి చూశాడు.

"బీపీ. ఉప్పు బాగా తగ్గించాలి అయ్యగారూ. కూర ఒక్కదాంట్లో తగ్గిస్తే చాలదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, అన్నిట్లోనూ ఉన్నది ఉప్పే."

ఆ మధ్యాహ్నం గుబురయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని భార్యవంక చూశాడు.

"ఈ చప్పిడి కూడు పిల్లలెలా తింటారే, పాపం!"

పిల్లలు అప్పటికే తినేసి చేతులు కడుక్కుంటున్నారు.

"కాస్త తగ్గించానంతే. రెండు వారాలు పోతే మీకూ అలవాటవుతుంది" అంది తేనెమ్మ.

నిజానికి ఆయన్ని బాధపెట్టింది చప్పదనం కాదు. పక్క గుహలోంచి ఎండుచేపల వేపుడు వాసన వస్తోంది. అధ్యక్షుడు చప్పగా తింటుంటే, ఓట్లేసినవాళ్లు రుచిగా తినడమా?

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి నక్కను పిలిచాడు. దాని పేరు వాగేశం.

"వాగేశం, ప్రజారోగ్యం ప్రమాదంలో పడిందయ్యా."

"ఎప్పట్నుంచండీ?"

"నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర్నుంచి."

వాగేశానికి అంతకుమించి వివరాలు అక్కర్లేకపోయాయి. సాయంత్రానికి సభ ఏర్పాటైంది.

ఆ అడవి మొత్తానికి ఉప్పు దొరికేది చవిటి గుట్ట దగ్గరే. దాని చుట్టూ ముళ్లకంచె వేయాలనీ, ఇకమీదట ఎవరూ ఉప్పు ముట్టకూడదనీ వాగేశం తీర్మానం చదివాడు. చుక్కల జింక చుక్కమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, మీరు చేపలూ మాంసమూ తింటారు. మేం తినేది గడ్డి. గడ్డిలో ఉప్పుండదు. ఆ మట్టి నాకకపోతే మాకు కాళ్లలో సత్తువ ఉండదండీ. నాకు పసిపిల్ల ఉంది, పాలు కావాలి."

"చూశారా!" గుబురయ్య సభవైపు తిరిగాడు. "అది లేకపోతే బతకలేదట! వ్యసనమంటే ఇదే."

సభ చప్పట్లు కొట్టింది. తెల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, నేను చెప్పింది మీ ఒంటికి..."

"మందు మంచిదైనప్పుడు ఒక్కడికే ఎందుకు డాక్టరూ? అందరికీ ఇద్దాం."

ఈలోగా వాగేశం ఒక దండ తెచ్చి తెల్లయ్య మెడలో వేసి, 'గౌరవ సలహాదారు' అని ప్రకటించాడు. కొంగ మెడ పొడుగు. దండ దిగేసరికి ఆయన చెప్పదలచుకున్నది కూడా దిగిపోయింది.

ఇళ్లల్లో సోదాలు జరిగాయి. ఆవకాయ జాడీలు, అప్పడాల కట్టలు అన్నీ సంఘం ఆఫీసుకు చేరాయి. వాటివంక గుబురయ్య దిగులుగా చూస్తూ కూర్చున్నాడు.

"ఎందుకండీ దిగులు?" అన్నాడు వాగేశం. "జనం ఇళ్లల్లో ఉన్నంతసేపే అది ఉప్పు. ఆఫీసులోకి వచ్చాక ఊరగాయ. తీర్మానంలో ఊరగాయ అన్న మాటే లేదు."

గుబురయ్య కళ్లు చెమ్మగిల్లాయి. ఆ రోజునుంచి ఇంట్లో ఒక భోజనం, ఆఫీసులో ఒక భోజనం. ఉప్పు వ్యతిరేక వారోత్సవాలు పెట్టారు. రోజూ ప్రసంగమవ్వగానే పకోడీలు, వాటిలోకి ఆవకాయ.

కాళ్ల వాపు మోకాళ్లదాకా పాకింది.

తేనెమ్మకు ఏమీ అర్థం కాలేదు. "తగ్గించినా తగ్గట్లేదంటే, ఇంకా తగ్గించాలి కాబోలు" అనుకుంది. ఇంట్లో ఉప్పు పూర్తిగా మానిపించింది. తనూ మానేసింది. భర్తకు నయమైతే చాలుననుకుంది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం తేనెమ్మకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. గుబురయ్య వచ్చేసరికి గుహ గుమ్మంలో వాలిపోయి ఉంది. పిలిస్తే పలకడం లేదు. తెల్లయ్య పరుగున వచ్చాడు.

"ఒంట్లో నీరూ ఉప్పూ పోయాయి. బెల్లం నీళ్లల్లో చిటికెడు ఉప్పు కలిపి పట్టాలి. త్వరగా తెండి!"

ఇంట్లో రవ్వ ఉప్పు లేదు. గుబురయ్య వాచిన కాళ్లతో ఆఫీసుకు పరుగెత్తాడు.

"ఉప్పు... కాస్త ఉప్పియ్యి వాగేశం!"

"సంఘం ఆఫీసులో ఉప్పెందుకుంటుందండీ? ఆవకాయ ఉంది, పంపమంటారా?"

జీవితంలో మొదటిసారి గుబురయ్య ఆవకాయ వద్దన్నాడు. పడుతూ లేస్తూ చవిటి గుట్టకు చేరాడు. కంచె దగ్గర కాపలా తోడేలు అడ్డం నిలబడింది.

"లోపలికి వెళ్లకూడదండీ."

"ఒరే, నేను అధ్యక్షుణ్ణిరా!"

"వెళ్లకూడదన్న తీర్మానం మీద సంతకం మీదేనని నాకూ తెలుసండీ."

గుబురయ్య తోడేలు కంటికి ఆనని మూలకు పోయి, కంచె పక్కన కూలబడి ఏడ్చాడు. కంచె బయట పొదల్లోంచి చుక్కమ్మ తల బయటపెట్టింది. ముళ్ల సందుల్లోంచి మట్టి నాకీ నాకీ దాని ముట్టె నిండా గీతలు పడి ఉన్నాయి. ఆయన చెప్పిందంతా విని, ఆ సందుల్లోంచే లాగి దాచుకున్న ఒక ఉప్పుగడ్డను ఆయన ముందుకు దొర్లించింది.

"తీసుకెళ్లండయ్యా. ఎవరిచ్చారంటే మాత్రం నా పేరు చెప్పకండి. శిక్ష వేసేది మళ్లీ మీరే."

సాయంత్రానికి తేనెమ్మ కళ్లు తెరిచింది. భర్త చెయ్యి తన నుదుటిమీద ఉంది.

"ఏమండీ, మీ చెయ్యి ఆవకాయ వాసన వేస్తోందేం?"

గుబురయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీకు తగ్గట్లేదనే కదా నేనూ పిల్లలూ మొత్తానికే మానేశాం" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

వారం తిరక్కుండా వాగేశం మళ్లీ సభ పెట్టాడు. అధ్యక్షులవారి భార్యను ఉప్పే బతికించింది కనుక, ఇకమీదట అడవిలో ప్రతి ప్రాణీ రోజూ అధికారుల ఎదుట దోసెడు ఉప్పు తిని తీరాలని తీర్మానం చదివాడు. సభ చప్పట్లు కొట్టింది.

గుబురయ్య మెల్లిగా లేచాడు.

"వద్దు. ఆ కంచె పీకెయ్యండి. చుక్కమ్మలాంటి వాళ్లను నాకనివ్వండి. నాలాంటి వాళ్లు తగ్గించుకోవాలి. నేను ఇంట్లో చప్పిడి తిని, ఇక్కడ ఆవకాయ తిన్నాను. తప్పు ఉప్పుది కాదు, నాది. మీమీ ఇళ్లల్లో ఎవరికెంత పడుతుందో డాక్టర్ని అడిగి వేసుకోండి. దీనికి తీర్మానం ఎందుకు?"

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"అడిగి వేసుకోవాలంటే ఇంక సంఘం ఎందుకు?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. అందరికీ అది న్యాయంగానే తోచింది. అక్కడికక్కడే ఎన్నిక జరిగి వాగేశం అధ్యక్షుడయ్యాడు. మర్నాటినుంచి అడవి అంతా దోసెళ్లు పట్టుకుని వరసలో నిలబడింది. వరసలో ముందున్న చుక్కమ్మకు మాత్రం ఈసారి ఏ ఫిర్యాదూ లేదు.

గుబురయ్య ఇంట్లో కూర్చుని, తేనెమ్మ పెట్టింది తిన్నాడు. వేసవి దాటేసరికి కాళ్లు మామూలుగా అయ్యాయి. ఇప్పుడాయన ఎంత దూరమైనా నడవగలడు, పిలిచేవాళ్లే లేరు.

నీతి: తన కంచంలో ఉప్పు తగ్గించుకున్నవాడికి ఆరోగ్యం దక్కుతుంది, పక్కవాడి కంచంలో ఎంతుండాలో తేల్చినవాడికి పదవి దక్కుతుంది.