నజరుకెక్కిన బంగారు పన్ను

వచ్చే శుక్రవారం తాలూక్‌దారు దొర ఇబ్రహీంపట్నం పెద్దచెరువు తూము చూడడానికి వస్తున్నాడు. ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీ పటేలు వీరస్వామి ఎదురేగి, నవ్వుతూ సలాం చేసి, రుమాలు మీద వెండి రూపాయి పెట్టి నజరు చూపాలి. దొర దాన్ని వేలితో ముట్టి "మాఫ్" అంటాడు. అంటే పుచ్చుకున్నట్టే, తిరిగి ఇచ్చేసినట్టే. ఈ మర్యాద వీరస్వామి తాతకు జరిగింది, తండ్రికీ జరిగింది. ఇప్పుడు తన వంతు. అందుకే ఆ ఉదయం అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చేద్దామనుకున్నాడు.

నవ్వాడు. ముందురోజు మాంసం కూరలో మూలగ ఎముక కొరికితే ఊడిన ముందు పన్ను జాగాలో కిటికీ ఒకటి కనబడింది.

వాళ్ల వంశంలో పళ్ళంటే మాటలు కాదు. తండ్రి కాటికి పోయేదాకా చెరుకు పళ్ళతోనే చీల్చాడు. ఇక వీరస్వామి సంగతి చెప్పనే అక్కర్లేదు. సంతలో ఎద్దు నోరు తెరిచి చూసి ఆయన సరేనంటేనే ఊరివాళ్లు బేరం కుదుర్చుకునేవాళ్లు. అంతటివాడు నోట్లో కిటికీతో దొర ముందు నిలబడతాడా? ప్రాణం పోయినా కుదరదు.

"బంగారు పన్ను కట్టిచ్చుకుంట" అన్నాడు భార్య మాణిక్యమ్మతో. "పట్నంల పండ్ల డాక్టర్లు మస్తుగున్నరు."

"ఉంటరు. గాళ్లల్ల నమ్మదగినోడెవడు?" అంది మాణిక్యమ్మ. "ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి చూస్తవ్. గిప్పుడు నీ నోరే ఒకని చేతుల పెడుతున్నవ్. వాడు చేసిన పని చూడకుంటనే పోతవా?"

మాట బాగుంది. బంగారు పళ్ళున్నవాళ్ల నోళ్లు చూసి, ఎవరి పని గట్టిగా ఉంటే ఆ డాక్టరు దగ్గరికే పోవాలని వీరస్వామి తీర్మానించుకున్నాడు. తన పన్ను ఊడిందని మాత్రం ఎవరికీ తెలియకూడదు. నోటికి కండువా అడ్డం పెట్టుకుని నేరుగా బుగ్గమ్మ కల్లు దుకాణానికి నడిచాడు. బుగ్గమ్మ బంగారు పన్ను పెట్టించుకున్న రోజు నుంచి నవ్వు వచ్చినా రాకపోయినా నవ్వుతూనే ఉంది.

"నోరు తెరువు బుగ్గమ్మా."

"ఎందుకు పటేలా?"

"తెరువంటే తెరువు."

వీరస్వామి గడ్డం కింద బొటనవేలు పెట్టి, కోడెను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. పన్ను గోటితో తట్టాడు. "అసలు బంగారమేనా? బరువెంతుంటది?" అని అడిగి, జవాబు వచ్చేలోపు తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

అవి లెవీ పేరుతో సర్కారు గింజలు కొలుచుకుపోతున్న రోజులు. మాలీ పటేలు చేను చూస్తే చేను మీద శిస్తు పడేది, చెట్టు చూస్తే చెట్టు మీద పడేది. అలాంటి పటేలు ముఖం దాచుకుని వచ్చి, పన్ను బరువు అడిగి పోయాడు. బుగ్గమ్మకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. పొద్దు గూకేసరికి బంగారు పళ్ళ మీద శిస్తు పడబోతోందని ఊరంతా పాకింది.

మర్నాడు వీరస్వామి డాక్టరు పేరు అడగడానికి మళ్లీ వెళ్తే బుగ్గమ్మ మూతి చెంగుతో కప్పుకుని ఉంది.

"బంగారం ఏడిది పటేలా? గిది ఇత్తడి. ఆ అఫ్జల్‌గంజ్ డాక్టర్ ఒట్టి దొంగ. వాని ఇల్లు కూల!"

వీరస్వామి ఉలిక్కిపడ్డాడు. ఒక మోసగాడి బారి నుంచి తప్పించుకున్నాననుకుని బట్టల దుకాణం శంకరయ్య దగ్గరికి పోయాడు. ఎప్పుడూ పళ్ళు కనిపించేలా బేరమాడే శంకరయ్య ఇవాళ పెదవులు కదలకుండా మాట్లాడుతున్నాడు.

"సికింద్రాబాద్ చీనా డాక్టర్ కట్టిండన్నా. మోసం జేసిండు. ఇత్తడికి పూత పూసిండు. నా నోట్ల బంగారం ఇసుమంత లేదు, ఒట్టు!"

ఊళ్లో ఏ బంగారు నోటిని అడిగినా ఇదే పాట. వీరస్వామి దిగులుగా ఇల్లు చేరాడు.

"పట్నంల ఒక్కడు గుడ నిజమైనోడు లేడే!"

"ఎవని మీద మాట రాలేదో వాని దగ్గరికి పో" అంది మాణిక్యమ్మ.

ఊళ్లో ఎవరూ తిట్టని డాక్టరు ఒక్కడే తేలాడు. ఆయన సుల్తాన్‌బజార్‌లో మేడ మీద ఉంటాడు. వీరస్వామి మెట్లెక్కేసరికి గదిలో ఎవరూ లేరు. కుర్చీ మీద దుమ్ము పేరుకుని ఉంది. ఈయన చేతిలో పడ్డవాళ్లు మళ్లీ రావలసిన పని లేదన్నమాట అనుకుని వీరస్వామి ఎంతో సంతోషించాడు. అయినా ఆనవాయితీ వదలలేదు.

"డాక్టర్ సాబ్, ముందుగాల నీ నోరు తెరువు."

డాక్టరు బిత్తరపోయి తెరిచాడు. పళ్ళు దిట్టంగా ఉన్నాయి. బేరం కుదిరింది.

శుక్రవారం చెరువు కట్ట మీద జనం బారులు తీరారు. మగవాళ్లు కండువాలతో, ఆడవాళ్లు చెంగులతో మూతులు కప్పుకున్నారు. తాలూక్‌దారు అదోలా చూసి, "ఊళ్లో ఏమైనా బీమారీ ఉందా పటేల్?" అని అడిగాడు.

"లేదు సర్కార్. గది మీరంటే అదబు, మర్యాద!" అని వీరస్వామి నిండుగా నవ్వాడు. ఎండలో బంగారు పన్ను ధగధగలాడింది. తాత చూడలేదు, తండ్రి చూడలేదు, ఇలాంటి నవ్వు ఈ వంశంలో తనదే అనుకున్నాడు. గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఆ గర్వంతోనే రెండు చేతుల మీద రుమాలు పరిచి, రూపాయి పెట్టి, నడుము వంచి సలాం చేశాడు.

కొంచెం ఎక్కువ వంగాడు. పన్ను ఊడి రుమాలులో రూపాయి పక్కన పడింది.

రెండు చేతులూ నజరులో ఇరుక్కుపోయాయి. తీసి దాచుకోవడానికి లేదు, నోరు తెరిచి సంజాయిషీ చెప్పుకోవడానికి అంతకన్నా లేదు. తాలూక్‌దారు రూపాయిని చూశాడు, పన్నును చూశాడు. మర్యాద మర్యాదే కదా. ముఖం చిట్లించి రెండింటినీ వేలి కొసతో ముట్టి, "మాఫ్! మాఫ్!" అని వేలు జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

ముందు వరుసలో ఉన్న బుగ్గమ్మ చెంగు తీసి పారేసి కేకేసింది. "మాఫ్ అయింది! మన పటేలు తన పన్ను ముందుగాల పీకి దొర ముందల పెట్టిండు! బంగారు పండ్ల శిస్తు మాఫ్ చేపిచ్చిండు!"

కండువాలు జారాయి. నోళ్లు తెరుచుకున్నాయి. కట్ట పొడవునా బంగారు పళ్ళు మెరిశాయి. ఏ శిస్తు, ఎప్పుడు పడింది అని వీరస్వామికి అడగాలనిపించింది. అడిగితే కిటికీ కనబడుతుంది. అందుకని పెదవులు బిగించి మీసం దువ్వాడు. జనం ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

సాయంత్రం శంకరయ్య ఇంటికి వచ్చాడు. "తప్పయింది అన్నా. నాది పక్కా బంగారమే. చీనా డాక్టర్ మస్తు మంచోడు. బుగ్గమ్మ డాక్టర్ గుడ మంచోడే. శిస్తుకు భయపడి అందరం అబద్ధమాడినం."

లోపల మాణిక్యమ్మ దగ్గింది.

"మరి నీ పన్ను ఏ డాక్టర్ కట్టిండన్నా?" అని శంకరయ్య గొంతు తగ్గించాడు. "సరిగ్గ యాళ్లకు రుమాల్ల పడేటట్టు కట్టిండంటే గంత నమ్మకమైన డాక్టర్ ఇంకెక్కడ దొరుకుతడు? మా బామ్మర్దిని తోలుత. జర చెప్పు."

నిజం చెప్తే పటేలు పన్ను తనంతట తానే ఊడినట్టు అవుతుంది. వీరస్వామి నోటికి కండువా అడ్డం పెట్టుకుని, తల ఎత్తి, సుల్తాన్‌బజార్‌లో ఆ మేడ ఎక్కడుందో వివరంగా చెప్పాడు.

మరుసటి నెలకు ఆ డాక్టరు కుర్చీ మీద దుమ్ము లేదు.